రంగుల ఈ-రీడర్ తెర మసకగా కనిపిస్తుంటే

పాత నలుపు-తెలుపు ఈ-రీడర్ పాడవడంతో రంగుల తెర ఉన్నది కొన్నాననీ, అందులో పుట బూడిదరంగుగా ఉండటమే కాక ముందు పుట అక్షరాల నీడ కూడా మిగిలిపోతోందనీ మీరు రాశారు. మొదటిది బహుశా మీ పరికరంలోని లోపం కాదు. రంగుల ఈ-రీడర్లలో వాడే కాలిడో 3 వంటి తెరల్లో రంగు పుట్టేది సిరాలోంచి కాదు, మామూలు నలుపు-తెలుపు ఇ-ఇంక్ (విద్యుత్తుతో కదిలే నల్లని, తెల్లని రేణువుల సిరా) పొరపై పరచిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోత గళ్ల నుంచి. వెలుగు ఆ గళ్లలోంచి లోపలికి వెళ్లి, మళ్లీ వాటిలోంచే బయటికి రావాలి కనుక కొంత అక్కడే ఇంకిపోయి, తెల్లని పుట ఉతికి వెలిసిన పంచెలా కనిపిస్తుంది. పైగా నలుపు-తెలుపు అక్షరాలకు అంగుళానికి 300 చుక్కలుంటే, రంగు బొమ్మలకు 150 మాత్రమే ఉంటాయి.

పగటిపూట కూడా తెర దీపాన్ని కొద్దిగా వెలిగించి ఉంచండి. ఫాంటు మందం పెంచే సౌకర్యం ఉంటే ఒక మెట్టు పెంచండి. మన ఒత్తులు చిన్నవిగా, సన్నగా ఉంటాయి కనుక తేడా ముందుగా వాటిలోనే తెలుస్తుంది. నీడ పోవాలంటే ప్రతి పుటకూ తెర పూర్తిగా రిఫ్రెష్ అయ్యేలా, అంటే పాతది చెరిపి కొత్తగా గీసేలా, సెట్టింగుల్లో మార్చుకోవాలి. అయితే అప్పుడు పుట తిప్పినప్పుడల్లా తెర ఒక్క క్షణం నల్లబడి మెరుస్తుంది, ఛార్జింగు కూడా కాస్త త్వరగా తరుగుతుంది.

ఇంత చేసినా కంటికి నచ్చకపోతే, మీరు చదివేవి ప్రధానంగా నవలలే అయితే, వాపసు గడువు ముగియకముందే దీన్ని తిరిగి ఇచ్చి కార్టా అనే, రంగు గళ్లు లేని ఇ-ఇంక్ తెర ఉన్న నలుపు-తెలుపు రీడర్ తీసుకోమనే నేను చెబుతాను.