ఇంగ్లండ్ డెంటిస్టులు ఎన్‌హెచ్‌ఎస్ ఎందుకు వదిలేస్తున్నారు?

మన బీడీఎస్ వాళ్ళు ఓఆర్ఈ (విదేశీ డెంటిస్టులకు అక్కడ పెట్టే అర్హత పరీక్ష) రాసి మరీ ఇంగ్లండ్ వెళ్తుంటే, అక్కడివాళ్ళు ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వదిలి ప్రైవేటుకు ఎందుకు పోతున్నారని అడిగారు. డబ్బాశ అని తేల్చేసేవాళ్ళు ఎన్‌హెచ్‌ఎస్ డెంటల్ క్లినిక్‌లతో చేసుకునే, 2006 ఏప్రిల్‌లో వచ్చిన కాంట్రాక్టు ఒకసారి చూడాలి.

అందులో చెల్లింపు ప్రధానంగా యూడీఏ అనే లెక్కలోనే, అంటే చేసిన వైద్యానికి ఇన్ని పాయింట్లని. చెకప్‌కు 1, ఫిల్లింగుకైనా పన్ను పీకినా 3, క్యాపుకు గానీ కట్టుడుపళ్ళకు గానీ 12. ఏళ్ళ తరబడి డాక్టరు దగ్గరికి వెళ్ళని మనిషి వచ్చాడనుకోండి. నాలుగు ఫిల్లింగులు, ఒక దవడపన్నుకు రూట్ కెనాల్. 2022 నవంబరు దాకా ఆ మొత్తానికీ 3 మాత్రమే. ఆ తర్వాత 7 చేశారు. 2024లో యూడీఏ కనీస ధర 28 పౌండ్లు చేశారు, ఆ లెక్కన 196 పౌండ్లు. నర్సు జీతం, అద్దె, రూట్ కెనాల్‌లో ఒకసారి వాడి పారేయాల్సిన సూదుల్లాంటి ఫైళ్ళు, గంటల కొద్దీ కుర్చీ సమయం అన్నీ అందులోంచే. మిగిలిందాంట్లో అసోసియేట్ (యజమాని క్లినిక్‌లో వాటా మీద పనిచేసే డెంటిస్టు) వాటా. నోరు ఎంత పాడైతే క్లినిక్‌కు అంత నష్టం. వైద్యం అవసరమైనవాడినే వద్దనుకునేలా చేసే లెక్క ఇది, అన్యాయం.

పేషెంటు కట్టే ఫీజు డాక్టరుకు అదనంగా వస్తుందనుకోవడం పొరపాటు. క్లినిక్ దాన్ని వసూలు చేస్తుంది, ఎన్‌హెచ్‌ఎస్ ఆ మేరకు నెలవారీ చెల్లింపులో కోసుకుంటుంది. తిట్లు మాత్రం రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయికి.

అసలు దెబ్బ క్లాబ్యాక్, అంటే టార్గెట్ తప్పితే ఇచ్చిన డబ్బు ఎన్‌హెచ్‌ఎస్ వెనక్కి తీసుకోవడం. ఏడాదికి 6,000 యూడీఏల కాంట్రాక్టు అంటే 220 పనిదినాల్లో రోజుకు 27. డబ్బు ముందే పన్నెండు వాయిదాల్లో వచ్చేస్తుంది, ఖర్చయిపోతుంది. నవంబరులో ఒక అసోసియేట్ మానేసి, మరొకరు దొరక్క 5,400 దగ్గర ఆగారనుకోండి. 96 శాతం, అంటే 5,760 దాటలేదు కాబట్టి తక్కువైన 600కు, 28 పౌండ్ల చొప్పున, 16,800 పౌండ్లు వెనక్కి కట్టాలి. 96 దాటితే తక్కువైన పని మరుసటి ఏడాదికి జరుపుకోవచ్చు. రెండేళ్ళు వరసగా ఇలా కట్టిన యజమాని కాంట్రాక్టు తగ్గించుకుంటాడు. పెద్దవాళ్ళను నెలవారీ ప్రైవేటు ప్లానుకు మార్చి పిల్లల్ని మాత్రం ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉంచుతాడు. చివరికి ఎన్‌హెచ్‌ఎస్ కాంట్రాక్టు వద్దని నోటీసిచ్చేస్తాడు. 2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్ సెయింట్ పాల్స్‌లో ఒక ఎన్‌హెచ్‌ఎస్ క్లినిక్ తెరిచారని తెలిసి వందలమంది వీధి పొడవునా బారులు తీరారు, పోలీసులు రావాల్సివచ్చింది. డెంటిస్టులు కరువైన ప్రాంతాల్లో మూడేళ్ళు ఉంటామన్న కొందరు డెంటిస్టులకు 20,000 పౌండ్లు ఇస్తామని ప్రభుత్వం అదే నెలలో ప్రకటించింది. లెక్క మార్చకుండా బోనస్ ఇస్తే మూడేళ్ళ తర్వాత మళ్ళీ ఇదే కథ.

వెళ్ళేవాళ్ళకు: జీడీసీ (అక్కడి డెంటల్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్ ఒక్కటే సరిపోదు, ఎన్‌హెచ్‌ఎస్ పనికి పెర్ఫార్మర్స్ లిస్టులో (ఎన్‌హెచ్‌ఎస్ పని చేయడానికి అనుమతి ఉన్నవాళ్ళ జాబితా) పేరు వేరేగా ఎక్కాలి. అసోసియేట్ ఒప్పందం మీద సంతకానికి ముందు నాలుగు అడగండి: యూడీఏకు నా చేతికెంత? టార్గెట్ ఎంత? ల్యాబ్ బిల్లులో నా వాటా ఎంత? టార్గెట్ తప్పితే క్లాబ్యాక్ ఎవరిది? పాత డెంటిస్టు సగంలో వదిలిన కేసులు ఎవరు పూర్తిచేయాలో కూడా రాయించుకోండి. ఆ కేసులకు యూడీఏలు ఆయన ఖాతాలో పడితే మీరు చేసే పని ఉచితమే.