కత్తికి పేరు పెట్టిన అమ్మాయికి

అమ్మాయ్,

నీ నవల మూడు అధ్యాయాలూ చదివాను. తెలుగులో బ్రిటన్‌లోని వేల్స్ పాత కథల జోలికి వెళ్లావు, సంతోషం. కానీ రెండో అధ్యాయంలో ఒళ్లు మండింది. ఆర్థర్ రాజు కత్తి పిడికి కెంపులు, మరకతాలు, పాము చెక్కడం... పేజీన్నర! పైగా పేరు ఎక్స్‌కాలిబర్ అట. నువ్వు ఎత్తుకున్నది కిల్హుఖ్, ఓల్వెన్‌ల కథ. అందులో ఆ కత్తి కలెద్‌వుల్ఖ్. 1136 ప్రాంతంలో మోన్మత్ జెఫ్రీ అనే రచయిత లాటిన్‌లో రాస్తూ దాన్ని కాలిబర్నస్ చేశాడు. ఆర్థర్ ఓడ పేరు ప్రిద్వెన్‌ని తీసుకెళ్లి డాలుకి తగిలించిన మహానుభావుడూ ఆయనే.

1400 ప్రాంతపు వేల్స్ రాతప్రతి హెర్గెస్ట్ ఎర్రపుస్తకంలో ఆ కథ మళ్లీ చూడు. కిల్హుఖ్ ఆర్థర్ కొలువుకి వచ్చి వరం అడుగుతాడు. గాలి ఆరబెట్టేంత, వాన తడిపేంత మేర ఏదైనా ఇస్తానంటాడు ఆర్థర్. ఓడ, దుప్పటి, కత్తి కలెద్‌వుల్ఖ్, ఈటె రొంగొమిన్యద్, డాలు, బాకు కార్న్‌వెన్నన్ మాత్రం అడగొద్దంటాడు. అన్నిటికన్నా చివర భార్య! ఒక్క రత్నం లేదు, ఒక్క విశేషణం లేదు.

పేరు పెట్టడమంటే అప్పు చెయ్యడం, తీర్చాలి. నలభై ఏళ్లుగా ఇదే మొత్తుకుంటున్నాను. కార్న్‌వెన్నన్ అంటే తెల్లపిడి అని అర్థం. ఆ బాకుకి చివర్లో పని పడుతుంది. మంత్రగత్తె గుహలోకి వెళ్లినవాళ్లంతా తన్నులు తిని బయటపడ్డాక ఆర్థర్ గుమ్మం దగ్గరనుంచే విసిరితే ఆమె రెండు తొట్లలా చీలిపోతుంది. మరి ఎవరికీ ఇవ్వనన్న కలెద్‌వుల్ఖ్? ఐర్లండ్‌లో ఒక వంట కళాయి కోసం జరిగిన గొడవలో దాన్ని లాక్కుని తిప్పినవాడు ఆర్థర్ కాదు, అతని మనిషి ల్లెన్‌ల్లెయౌగ్! ఎందుకో కథకుడు చెప్పడు. ఆ ధైర్యం నాకింకా రాలేదు.

ఆ కథలో నాకు ఇష్టమైనవాడు పెద్దకత్తి ఓస్లా. ఏరు అడ్డొస్తే ఒరతో సహా కత్తిని ఇరుకైన చోట అడ్డంగా పెడితే సైన్యాలన్నీ నడిచి దాటేవి. తర్వాత అడవిపంది వేటలో సెవర్న్ నదిలో కత్తి ఒరలోంచి జారిపోయింది. ఖాళీ ఒరలో నీళ్లు నిండాయి. మనుషులు పైకి లాగుతుంటే ఒర అతన్ని కిందికి లాగింది. వంతెనైన వస్తువే రాయయింది!

నా తొలి కథలో నాటుపడవ పేరు లచ్చిమి. ఒక వారపత్రిక ఎడిటర్ 'పడవకి పేరేమిటయ్యా' అని కొట్టేశాడు. అది మునిగినప్పుడు ఒక్క పాఠకుడూ ఉత్తరం రాయలేదు. ఆయన ఆ తర్వాత కాలంలో ప్రతి కత్తీ తళుక్కుమనే నవలల్ని సీరియల్‌గా వేశాడు, అది వేరే సంగతి.

పబ్లిషర్ల గురించి అడిగావు. తర్వాత చూద్దాం. ముందు పదకొండు ఆయుధాల పేర్లలో పది కొట్టేసి పంపు. గుర్రాలు కాసే కుర్రాడు చేప పొలుసు గీకిన మొద్దు చాకు ఉంది చూడు, దానికి నువ్వు పేరు పెట్టలేదు. అక్కడ చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను. దాన్ని ఉంచు.