మీరడిగారు, మేం చెప్తున్నాం: ఈసారి ఆఫ్రికా

ఆఫ్రికా గురించి ఏదైనా అడగండి అన్నామో లేదో, వచ్చిన ఉత్తరాల్లో సగం ఒక్క మనిషి గురించే. అందుకే ముందు ఆ ప్రశ్నే.

ప్రశ్న: సార్, బుర్కినా ఫాసో నాయకుడు ఇబ్రహీం ట్రావోరే వీడియోలు వాట్సాప్‌లో తెగ తిరుగుతున్నాయి. ఫ్రాన్స్‌ని తరిమేశాడు, బంగారు గనులు లాక్కున్నాడు అంటున్నారు. నిజంగా అంత గొప్పోడా? మనకి అలాంటి లీడర్ ఎందుకు దొరకడు? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు ఆ వీడియోల సంగతి చెప్పుకుందాం, వాటిలో చాలా వరకు ఏఐతో తయారైనవి. అమెరికన్ పాప్ సింగర్లు ఆయన మీద పాట కట్టినట్టు కూడా చేసేశారు, వాళ్లకి ఆ పాటల సంగతే తెలీదు. అవి పక్కన పెడితే మిగిలేది ఏంటంటే, ట్రావోరే 1988లో పుట్టాడు, ఆర్మీలో కెప్టెన్, 2022 సెప్టెంబర్ 30న అధికారం పట్టేశాడు. అదే ఏడాది జనవరిలో దమీబా అనే లెఫ్టినెంట్ కల్నల్ ఎన్నికైన ప్రెసిడెంట్ కబోరేని దించాడు, ఎనిమిది నెలలు తిరిగేసరికి దమీబాని ఈయన దించాడు, ఇద్దరూ చెప్పిన కారణం మాత్రం ఒక్కటే, జిహాదీ గ్రూపుల్ని పాతవాళ్లు ఆపలేకపోతున్నారు అని. 2023 ఫిబ్రవరిలో ఫ్రెంచి దళాలు వెళ్లిపోయాయి, కొన్ని బంగారు గనులు ప్రభుత్వం చేతికొచ్చాయి, అవి నిజాలే, కాదనను.

కానీ రీల్‌లో రాని సంగతులు కూడా ఉన్నాయి కదా. 2024 జులైకల్లా ఎన్నికలు పెట్టి దిగిపోతాం అన్నారు, ఆ గడువుకి ముందే, మే నెలలో, ఇంకో ఐదేళ్లు పొడిగించుకున్నారు. 2024 ఫిబ్రవరిలో నొండిన్, సోరో అనే రెండు ఊళ్లలో సైన్యమే 223 మంది మామూలు జనాన్ని చంపిందని మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ రిపోర్ట్ ఇచ్చింది, ఆ వార్త వేసినందుకు బీబీసీని, వాయిస్ ఆఫ్ అమెరికాని రెండు వారాలు ఆపేశారు. ఆగస్టులో బార్సలోగో ఊరి జనం సైన్యం చెప్పిందని కందకాలు తవ్వుతుంటే జిహాదీలు వచ్చి వందల మందిని కాల్చి పడేశారు. విమర్శించిన జర్నలిస్టుల్ని, జడ్జీల్ని, లాయర్లని పట్టుకెళ్లి "నువ్వు ఫ్రంట్‌కి పోయి యుద్ధం చెయ్" అని పంపించారు. ఇళ్లు వదిలి పారిపోయినోళ్లు 20 లక్షలు దాటారు. దేన్ని ఆపడానికని వచ్చాడో అది ఆగలేదు, ఆయన్ని తూచాల్సింది ముందు దీంతోనే.

జనానికి ఆయనంటే ఎందుకంత ఇష్టమో మాత్రం అర్థం చేసుకోవచ్చు. ఆ దేశంలో ఇంతకుముందు థామస్ శంకరా అనే కెప్టెన్ ఉండేవాడు, ఈయన ఎర్ర టోపీ, మాటతీరు, అంతా ఆయన్ని గుర్తుచేసేలాగే ఉంటాయి. 1983 ఆగస్టులో వచ్చిన శంకరా ప్రభుత్వ మెర్సిడెస్ కార్లు అమ్మేసి మంత్రులకి చిన్న రెనో కార్లు ఇచ్చాడు, 1984లో కొద్ది రోజుల్లోనే 20 లక్షల పైచిలుకు పిల్లలకి టీకాలు వేయించాడు, అప్పర్ వోల్టా అన్న పాత పేరు తీసేసి బుర్కినా ఫాసో అని పెట్టాడు, 1987లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో నిలబడి ఆఫ్రికా దేశాలన్నీ కలిసి అప్పులు కట్టం అనాలి అన్నాడు. అదే ఏడాది అక్టోబర్ 15న చంపేశారు. పక్కనే ఉన్న స్నేహితుడు కంపోరే గద్దెక్కి 27 ఏళ్లు కూర్చున్నాడు, 2014లో జనం తరిమితే ఐవరీ కోస్ట్ పారిపోయాడు, 2022లో శంకరా హత్య కేసులో కోర్టు ఆయనకి యావజ్జీవం వేసింది, అయినా జైలు మొహం చూడలేదు. నాకు శంకరా అంటే గౌరవమే, అలాగని సమ్మె చేసిన టీచర్లని వెయ్యిమందికి పైగా ఉద్యోగాల్లోంచి పీకేసిందీ ఆయన ప్రభుత్వమే, అది కూడా చెప్పుకోవాలి. మనకి అలాంటి లీడర్ ఎందుకు దొరకడు అంటారా, ఐదేళ్లకోసారి దించగలిగే లీడర్లు మనకున్నారు, నన్నడిగితే ఆ సౌకర్యం వదులుకోకండి.

ప్రశ్న: ఆఫ్రికా దేశాల నుంచి ఫ్రాన్స్ ఇప్పటికీ ఏటా 500 బిలియన్ డాలర్ల పన్ను వసూలు చేస్తోందట కదా? సీఎఫ్ఏ ఫ్రాంక్ అంటే అదేనా? (విజయవాడ)

జవాబు: ఆ లెక్క అబద్ధం. సీఎఫ్ఏ వాడే 14 దేశాల జీడీపీ మొత్తం కలిపినా 500 బిలియన్లు రాదు, ఇక పన్నెక్కడిది. కానీ లెక్క తప్పు అయినంత మాత్రాన కోపం తప్పు కాదు. 1945లో ఫ్రాన్స్ తన వలసల కోసం పెట్టిన కరెన్సీ ఇది, పశ్చిమాన 8 దేశాలు, మధ్య ఆఫ్రికాలో 6 దేశాలు ఇంకా వాడుతున్నాయి. యూరోకి 655.957 చొప్పున కట్టేసి ఉంటుంది. ఇన్నాళ్లూ విదేశీ నిల్వల్లో సగం పారిస్‌లో ఫ్రాన్స్ ఖజానాలో దాచాల్సి వచ్చేది, పశ్చిమ దేశాలకి ఆ షరతు 2019 డిసెంబర్ ఒప్పందంతో పోయింది. 1994 జనవరిలో విలువ ఒక్క దెబ్బకి సగానికి తగ్గించారు, దిగుమతి చేసుకునే బియ్యం, మందులు ఫ్రాంకుల్లో కొనేవాళ్లకి రెట్టింపు భారమైపోయింది, ఆ తరం వాళ్లు ఇప్పటికీ మర్చిపోరు.

మరి వదిలేయొచ్చుగా అంటే, గినీ వదిలేసింది. 1958లో ఫ్రాన్స్ నాయకుడు దగోల్, మా గొడుగు కిందే ఉంటారా అని పెట్టిన రిఫరెండంలో వద్దు అని ఓటేసిన ఒకే ఒక్క కాలనీ అది. ఫ్రెంచోళ్లు పోతూ పోతూ టెలిఫోన్లు, ఫైళ్లు కూడా పట్టుకుపోయారు, తర్వాత గినీ సొంత నోట్లు కొడితే ఫ్రెంచి గూఢచారులు దొంగనోట్లు అచ్చేసి వదిలారు. ఇంకో పక్కన, సొంత కరెన్సీ ఉన్న ఘనాలో 2022 డిసెంబర్‌లో ధరల పెరుగుదల 54 శాతం, పక్కనున్న సీఎఫ్ఏ దేశాల్లో అంత ఎప్పుడూ లేదు. అందుకే ఫ్రాన్స్‌ని అంతగా తిట్టే బుర్కినా, మాలీ, నైజర్ కూడా పశ్చిమ ఆఫ్రికా దేశాల ఎకోవాస్ కూటమి నుంచి 2025 జనవరిలో బయటికొచ్చేశాయి గానీ జేబులో నోటు మాత్రం మార్చలేదు.

ప్రశ్న: ఇథియోపియాలో సంవత్సరమే వేరంట? (నెల్లూరు)

జవాబు: నిజమే, మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక. నెలలు పదమూడు, పన్నెండు నెలలకి ముప్పైయేసి రోజులు, చివరి బుల్లి నెలకి ఐదో ఆరో. కొత్త సంవత్సరం సెప్టెంబర్ 11న, ఒక్కోసారి 12న వస్తుంది. గడియారం ఇంకా బావుంటుంది, రోజు మొదలయ్యేది అర్ధరాత్రి కాదు, తెల్లారితే. మన పొద్దున ఏడు వాళ్లకి ఒంటి గంట. పంచాంగంలో సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టిన మనకి ఇందులో వింతేం లేదు, బస్ టికెట్ కొనేటప్పుడు మాత్రం ఏ టైమో రెండుసార్లు అడగండి.

ప్రశ్న: ఒక స్టూల్ కోసం ఆఫ్రికాలో యుద్ధం జరిగిందని చదివాను, ఏంటండీ ఆ కథ? అక్కడ వారసత్వం తల్లి వైపు నుంచి అనేది కూడా నిజమేనా? (కరీంనగర్ నుంచి ఒక టీచరమ్మ)

జవాబు: నిజమేనమ్మా, రెండూ నిజమే. ఇప్పటి ఘనాలో అషాంటే జనం ఉన్నారు, రాజధాని కుమాసి. దాదాపు 1700 ప్రాంతంలో ఒకోంఫో అనోచే అనే పూజారి ప్రార్థిస్తే ఆకాశం నుంచి బంగారు పీట దిగొచ్చి రాజు ఓసెయ్ టుటు ఒళ్లో వాలిందని వాళ్ల నమ్మకం. జాతి మొత్తం ఆత్మ అందులో ఉందంటారు, అందుకే రాజు కూడా దానిమీద కూర్చోడు, దానికే వేరే ఆసనం వేస్తారు.

1896లో బ్రిటిష్‌వాళ్లు రాజు ప్రెంపేని పట్టుకుపోయారు. నాలుగేళ్లకి, 1900 మార్చిలో, గవర్నర్ హాడ్జ్‌సన్ కుమాసికొచ్చి ఆ పీట తెచ్చి నాకెందుకు వెయ్యలేదు, నేను కూర్చోవాలి అన్నాడు. రాజే కూర్చోని దానిమీద వీడు కూర్చుంటాడట! పెద్దలు తటపటాయిస్తుంటే ఎజిసు అనే ఊరి రాజమాత యా అసాంటెవా ముందుకొచ్చి పోరుకి నడిపించింది. కుమాసి కోటని ముట్టడించారు, గవర్నర్ దాదాపు రెండు నెలలు లోపలే ఇరుక్కుని జూన్‌లో ఎలాగో తప్పించుకున్నాడు. చివరికి ఆమెని పట్టుకుని సేషెల్స్ దీవులకి పంపేశారు, 1921లో అక్కడే పోయింది. ప్రెంపే మాత్రం 1924లో తిరిగొచ్చాడు. పీట బ్రిటిష్‌వాళ్లకి దొరకనే లేదు, దాచేశారు.

తల్లి వైపు సంగతి అంటే, వాళ్లలో వంశం తల్లిదే, రాజు తర్వాత రాజు కొడుకు రాడు, అన్నదమ్ములో అక్కచెల్లెళ్ల కొడుకులో వస్తారు. కొత్త రాజు పేరు ముందు చెప్పేది రాజమాతే. పీట దొరకలేదు గానీ 1874లో కుమాసిని తగలబెట్టినప్పుడు దోచిన బంగారం చాలానే లండన్ చేరింది. తమ దగ్గరున్న అషాంటే వస్తువుల్లోంచి 2024లో బ్రిటిష్ మ్యూజియం, వీ అండ్ ఏ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం) కలిసి 32 వస్తువులు కుమాసికి పంపాయి, ఎలా అంటే మూడేళ్లకి అప్పుగా! వస్తువులు శాశ్వతంగా ఇచ్చేయడానికి వాళ్ల చట్టం ఒప్పుకోదట. అదే ఏడాది ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో ఫౌలర్ మ్యూజియం తన దగ్గరున్న ఏడు వస్తువుల్ని పూర్తిగా వాపసిచ్చేసింది, మనసుంటే కుదురుతుందన్నమాట.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేరుకి ఆఫ్రికాకి సంబంధం ఉందా? (మాసబ్ ట్యాంక్)

జవాబు: ఉంది, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే దానికి పొట్టిపేరే అది. వనపర్తి సంస్థానం రాజా దగ్గర ఆఫ్రికన్ రౌతుల దళం ఉండేది, అది తర్వాత నిజాం సైన్యంలోకి వచ్చింది. 1948 తర్వాత దళం పోయింది, కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి, వాళ్లే సిద్దీలు. పెళ్లి బరాత్‌లో మీరు వినే మర్ఫా కొట్టడంలో యెమెన్ నుంచొచ్చిన అరబ్బులతో పాటు వీళ్ల చెయ్యీ ఉంది. ఇంకా వెనక్కెళ్తే ఇథియోపియా నుంచి బానిసగా అమ్ముడై వచ్చిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపాడు, మొఘలుల్ని ఏళ్ల తరబడి ఆపాడు, ఆయన కట్టిన ఖడ్కీ ఊరే తర్వాత ఔరంగాబాద్ అయ్యింది.

ప్రశ్న: సూడాన్‌లో ఎవరు ఎవరితో కొట్టుకుంటున్నారు? టీవీలో ఒక్క ముక్క చెప్పరు. (గుంటూరు)

జవాబు: నిన్నటిదాకా కలిసున్న ఇద్దరు జనరల్స్. ఒకరు ఆర్మీ చీఫ్ బుర్హాన్, ఇంకొకరు ఆర్ఎస్ఎఫ్ అనే పారామిలటరీ నాయకుడు హెమెద్తీ. 30 ఏళ్లు ఏలిన బషీర్‌ని 2019లో జనం ఉద్యమం చేసి దింపితే, వీళ్లిద్దరూ కలిసి 2021 అక్టోబర్‌లో పౌర ప్రభుత్వాన్ని కూలదోశారు, ఆర్ఎస్ఎఫ్‌ని ఆర్మీలో కలపాలా, కలిపితే ఎవరి కింద అన్న దగ్గర చెడింది, 2023 ఏప్రిల్ 15న కాల్పులు మొదలు. అప్పుడే మన ప్రభుత్వం ఆపరేషన్ కావేరి పేరుతో మూడు వేలమందికి పైగా భారతీయుల్ని తీసుకొచ్చింది, అంతే, ఆ తర్వాత మన చానళ్లు ఆ దేశాన్నే మర్చిపోయాయి. 2025 మార్చిలో రాజధాని ఖర్టూమ్ మళ్లీ ఆర్మీ చేతికొచ్చింది, అక్టోబర్‌లో పడమటి దార్ఫూర్ ప్రాంతంలోని ఎల్ ఫాషెర్ నగరాన్ని ఏడాదికి పైగా ముట్టడించాక ఆర్ఎస్ఎఫ్ పట్టుకుంది, అక్కడ ఊచకోతలు జరిగాయి. కోటిమందికి పైగా ఇళ్లు పోగొట్టుకున్నారు. ఆర్ఎస్ఎఫ్‌కి ఆయుధాలిస్తోందని యూఏఈ మీద ఆరోపణ, వాళ్లు కాదంటారు, సూడాన్ బంగారం మాత్రం ఎక్కువగా దుబాయ్‌కే పోతుంది.

ప్రశ్న: గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నా. ఆఫ్రికాలో దేశాలు 54 అని ఒక బుక్‌లో, 55 అని ఒక బుక్‌లో ఉంది. ఏది రాయాలి? (అనంతపురం)

జవాబు: ఐక్యరాజ్యసమితి సభ్యులు 54, ఆఫ్రికన్ యూనియన్ సభ్యులు 55. తేడా వెస్టర్న్ సహారా దగ్గరొస్తుంది, స్పెయిన్ వెళ్లిపోయాక చాలా భాగం మొరాకో పట్టుకుంది, అక్కడివాళ్లు ప్రకటించుకున్న దేశాన్ని ఆఫ్రికన్ కూటమి చేర్చుకుంది, దానిమీద అలిగి 1984లో బయటికెళ్లిన మొరాకో 2017లో తిరిగొచ్చింది. ప్రశ్నలో ఆఫ్రికన్ యూనియన్ అని ఉంటే 55, లేకపోతే 54 పెట్టేయండి.