‘పంపబడింది’ అంటే అందినట్టేనా?

సందేహం: బెంగళూరులో ఒక డిజిటల్ కరెన్సీ యాప్‌కు తెలుగు మాటలు రాస్తున్నాను. బటన్ మీద ‘పంపు’ అనాలా, ‘పంపండి’ అనాలా, ‘పంపించండి’ అనాలా? ‘గ్రహీత చిరునామా’, ‘మీ నగదు విజయవంతంగా పంపబడింది’ అని రాస్తే మా అమ్మ చదివి, “ఇంతకీ అందిందా, లేదా?” అని అడిగింది. – ఒక పాఠకురాలు, మారతహళ్లి

సమాధానం: మీ అమ్మగారి ప్రశ్నే అసలు ప్రశ్న. ‘భోజనం వడ్డించబడింది’ అని ఏ ఇంట్లోనూ అనరు కదా. ‘బడు’ చేర్చిన వాక్యం వాడుకలో మనకు అలవాటు లేదు, పైగా పంపింది ఎవరో దాచేస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు, పంపడం వేరు, అందడం వేరు. బిట్‌కాయిన్‌లో సగటున 10 నిమిషాలకు ఒక బ్లాకు (లావాదేవీల చిట్టాలో ఒక పేజీ లాంటిది) తయారవుతుంది. మీ లావాదేవీ ఏదో ఒక బ్లాకులో చేరేదాకా ఖాయమైనట్టు కాదు. మనియార్డర్ల కాలంలో మనవాళ్లు ఈ తేడా చక్కగా పాటించారు: ‘పైకం పంపాను’ అని ఉత్తరం, ‘పైకం ముట్టింది’ అని జవాబు. ‘ముట్టింది’ నాకెంతో ఇష్టమైన మాట, కానీ ఈ తరానికి ‘అందింది’ తేలిక. ‘పంపారు’, ‘దారిలో ఉంది’, ‘అందింది’ అని మూడు దశలూ చూపండి. ‘విజయవంతంగా’ తీసేయండి.

‘గ్రహీత’ అనగానే పద్మశ్రీ గ్రహీత గుర్తొస్తారు. ‘చిరునామా’ అంటే ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడు అనుకుంటారు. వాటి బదులు ‘ఎవరికి?’ అని అడగండి, తెలుగు విభక్తే ఆ పని చేసిపెడుతుంది. దీనితో ఇంకో లాభం ఉంది. పేరు ఖాళీలో పడే వాక్యం రాశారనుకోండి, లక్ష్మికి, సీతకు, రాముడికి అని ప్రత్యయం మారుతుంది. యంత్రం ‘రాముడు కు’ అని అతికిస్తుంది, చదవడానికి ప్రాణం పోతుంది. ‘ఎవరికి: రాముడు’, ‘ఎంత: 500 రూపాయలు’ అని విడివిడిగా రాస్తే ఆ బాధ ఉండదు.

‘నగదు’ మాట జాగ్రత్తగా వాడండి. రిజర్వ్ బ్యాంకు 2022 డిసెంబరు 1న ప్రజల కోసం డిజిటల్ రూపాయి ప్రయోగం మొదలుపెట్టినప్పుడు తొలి నాలుగు నగరాల్లో మీ బెంగళూరూ ఒకటి. అది రిజర్వ్ బ్యాంకు విడుదల చేసే రూపాయే, నగదు అనవచ్చు. బిట్‌కాయిన్ మన దేశంలో చట్టబద్ధమైన చెల్లింపు నాణెం కాదు, దాన్ని ‘బిట్‌కాయిన్’ అనే రాయండి.

ఇక బటన్. ‘పంపు’ చనువైన వాళ్లతో అనే మాట, పెద్దవాళ్లూ వాడే యాప్‌లో కుదరదు. ‘పంపించు’ ఒకప్పుడు వేరొకరి చేత పంపే అర్థంలో ఉండేది, ఇప్పుడు రెండూ ఒకటే. పొట్టిగా ఉంది కాబట్టి ‘పంపండి’ పెట్టుకోండి. బిట్‌కాయిన్ అయితే ఆ బటన్‌కు పైనే, నొక్కకముందే కనిపించేలా, ‘ఒకసారి పంపాక వెనక్కి తీసుకోలేరు’ అని రాయండి.