కాలేజీ అంకెలతో క్వార్టర్‌బ్యాక్ జాతకం చెప్పే ప్రాజెక్ట్ ఉద్యోగం తెచ్చిపెడుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. డల్లాస్‌లో బిజినెస్ అనలిటిక్స్‌లో ఎంఎస్ చేస్తున్నాను, మే నెలలో అయిపోతుంది. ఇక్కడికొచ్చాక అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. కాలేజీ స్టాట్స్ అంటే యార్డ్‌లు, టచ్‌డౌన్లు, కంప్లీషన్ శాతం (విసిరిన పాస్‌లలో చేరినవి) తీసుకుని ఏ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి టీమ్‌ని నడిపించేవాడు) ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడతాడో చెప్పే మోడల్ చేశాను. 80 శాతం కరెక్ట్‌గా చెబుతోంది. స్పోర్ట్స్ అనలిటిక్స్‌లోనే సెటిల్ అవ్వాలని ఉంది. నాన్నేమో "ఆటలు పక్కనపెట్టి జావా నేర్చుకోమ్మా" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

జవాబు: నాన్నగారి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ 80 శాతం సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఇంటర్వ్యూలో నిన్ను మొదట ఆపేది అక్కడే. డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు ఏటా కాలేజీ ఆటగాళ్లని రౌండ్ల వారీగా ఎంచుకునే పద్ధతిలో, ఎంపికైన క్వార్టర్‌బ్యాక్‌లలో ఎక్కువమంది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడరు. అలాంటప్పుడు ఏ ఆలోచనా లేకుండా ప్రతి పేరు పక్కనా "కష్టం" అని రాసుకుంటూ పోయినా మంచి శాతమే వస్తుంది కదా. అలా కళ్లు మూసుకుని రాస్తే నీ డేటాలో ఎంత వస్తుందో లెక్క కట్టావా? ఉత్తరంలో ఆ ముక్క లేదు, అందుకే అడుగుతున్నాను.

నువ్వు ఎంచుకున్న ప్రశ్న మాత్రం చాలా మంచిది, నీకంటే ముందు చాలామంది దీనితో కుస్తీ పట్టారు. 2006లో డేవిడ్ లెవిన్ అనే కుర్రాడు, ఇంకా కాలేజీలో ఉండగానే, ఫుట్‌బాల్ అవుట్‌సైడర్స్ అనే అనలిటిక్స్ వెబ్‌సైట్ కోసం ఒక లెక్క కట్టాడు. తీసుకున్నవి రెండే అంకెలు: కాలేజీలో ఎన్ని మ్యాచ్‌లు స్టార్టర్‌గా (మొదటి నుంచే మైదానంలోకి దిగి) ఆడాడు, విసిరిన పాస్‌లలో ఎంత శాతం చేరాయి. దానికో షరతు పెట్టాడు. డ్రాఫ్ట్ మొదటి రెండు రౌండ్లలో ఎంపికైనవాళ్లకే ఈ లెక్క పనిచేస్తుంది, మిగతావాళ్లకి వాడొద్దు అన్నాడు. నాకు ఆ మోడల్ కంటే ఆ షరతే ఎక్కువ నచ్చుతుంది. కాలేజీలో ఎక్కువ మ్యాచ్‌లు ఆడినవాడి వీడియోలు స్కౌట్‌ల (టీమ్‌ల కోసం ఆటగాళ్లని పరిశీలించేవాళ్ల) దగ్గర ఎక్కువ ఉంటాయి, అన్నీ చూశాక కూడా పై రౌండ్‌లోనే తీసుకున్నారంటే దాచిపెట్టడానికి లోపాలేవీ మిగల్లేదని అర్థం, ఉంటే ఈపాటికే కింది రౌండ్‌లోకి జారిపోయేవాడు. అంటే ఆ రెండు అంకెలూ స్కౌట్ కళ్లతో కలిసే పనిచేస్తున్నాయి, ఒంటరిగా కాదు.

ఒంటరిగా వాడితే ఏమవుతుందో కోల్ట్ బ్రెనన్‌ని చూడు. హవాయి యూనివర్సిటీకి ఆడుతూ 2006లో ఒకే సీజన్‌లో 58 టచ్‌డౌన్ పాస్‌లు, అప్పటికి అది రికార్డు, కంప్లీషన్ 70 శాతం పైనే. నీ మోడల్ అయితే ఎగిరి గంతేస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు మాత్రం 2008లో ఆరో రౌండ్ దాకా అతన్ని ముట్టుకోలేదు, రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే కెరీర్ అయిపోయింది. హవాయి ఆట పద్ధతే బంతిని ఎడాపెడా విసిరే పద్ధతి, అందులో అంకెలు ఉబ్బుతాయి. అలాగని స్కౌట్‌లు చెప్పిందల్లా వేదం కాదు. అదే ఆరో రౌండ్‌లో, 2000లో 199వ పేరుగా వెళ్లిన టామ్ బ్రేడీ ఏడు సూపర్ బౌల్‌లు (లీగ్ ఫైనల్స్) గెలిచాడు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, మన పిల్లలకి దీన్ని జేఈఈతో చెబితే వెంటనే ఎక్కుతుంది. ఒక ఐఐటీలో ఒకే బ్రాంచ్‌లో చేరినవాళ్లని మాత్రమే తీసుకుని జేఈఈ ర్యాంకుకీ, తర్వాత వచ్చిన సీజీపీఏకీ సంబంధం వెతికితే పెద్దగా కనిపించకపోవచ్చు, దానర్థం ర్యాంకుకి విలువ లేదని కాదు, లోపలికి వచ్చినవాళ్లందరూ అప్పటికే వడపోతలో నిలిచినవాళ్లు. డేవిడ్ బెర్రీ, రాబ్ సిమన్స్ అనే ఆర్థికవేత్తలు 2011లో క్వార్టర్‌బ్యాక్ డ్రాఫ్ట్ మీద పేపర్ రాశారు. ముందు ఎంపికైనవాళ్లకి ఆడే అవకాశాలు ఎక్కువ వస్తాయి గానీ ఒక్కో ప్లేకి (బంతి ఆటలోకి వచ్చిన ఒక్కోసారికి) చూపించే పనితనంలో డ్రాఫ్ట్ స్థానం చెప్పేది చాలా తక్కువ అని తేల్చారు. వాదన రేగింది. కింది రౌండ్‌లలో ఎంపికై కూడా మైదానంలోకి దిగగలిగినవాళ్లంటేనే వాళ్లలో బాగా ఆడేవాళ్లు, బెంచీ మీదే ఉండిపోయినవాళ్లకి అంకెలే ఉండవు, మరి ఎవరిని ఎవరితో పోలుస్తున్నారు అని అవతలివాళ్ల ప్రశ్న. నా ఓటు అవతలివాళ్లకే. నీ డేటాలో ఆడే అవకాశమే రానివాళ్లని ఏం చేశావు? తీసేశావా, ఫెయిల్ అని రాశావా? ఈ ఒక్క నిర్ణయంతో నీ 80 ఎటైనా ఊగుతుంది.

డేటా శుభ్రం చేసేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని. కాలేజీ లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్ శాక్ అయితే, అంటే బంతి విసిరేలోపే అవతలివాళ్లు పడగొడితే, పోయిన యార్డ్‌లని అతని రన్నింగ్ యార్డ్‌లలోంచి కోస్తారు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కాదు, కాబట్టి రెండు చోట్ల రన్నింగ్ అంకెల్నీ సరిచేయకుండా పక్కపక్కన పెడితే తప్పే. క్యాచ్ పట్టేవాడికి కాలేజీలో ఒక పాదం గీత లోపల ఉంటే చాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండూ ఉండాలి. కోవిడ్ వల్ల 2020 సీజన్‌ని ఎవరికీ కాలేజీలో ఆడేందుకు ఉన్న ఏళ్ల పరిమితిలో లెక్కపెట్టకపోవడంతో కొందరు ఇంకో ఏడాది కాలేజీలోనే ఆడారు. బో నిక్స్ 2024 డ్రాఫ్ట్‌కి వచ్చేసరికి 61 మ్యాచ్‌లు స్టార్టర్‌గా ఆడి ఉన్నాడు, లెవిన్ లెక్క కట్టిన రోజుల్లో అలాంటి అంకే లేదు.

మరి జోష్ అలెన్? వయోమింగ్‌లో అతని కంప్లీషన్ 56.2 శాతం. అంకెల మనుషుల్లో చాలామంది వద్దన్నారు, బఫలో బిల్స్ 2018లో ఏడో పేరుగా తీసుకుంది. మొదటి ఏడాది 52.8 శాతం, అంకెలవాళ్లు చెప్పింది నిజమే అనిపించింది. 2020 వచ్చేసరికి 69.2, ఆ ఏడాదే స్టెఫన్ డిగ్స్ లాంటి రిసీవర్ టీమ్‌లోకి వచ్చాడు. 2024 సీజన్‌కి ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు. ఇలాంటివాడు ఒక్కడున్నంత మాత్రాన కంప్లీషన్ శాతం పనికిరాని అంకె అయిపోదు, కానీ నీ మోడల్ అలెన్ గురించి ఏం చెప్పిందో, ఎందుకు చెప్పిందో, ఒక టీమ్ అదంతా తెలిసి కూడా ఎందుకు తీసుకుని ఉంటుందో రెండు పేరాలు రాయగలిగితే ఆ 80 శాతం కంటే అవే ఎక్కువ పలుకుతాయి.

కాబట్టి ప్రాజెక్ట్ మళ్లీ కట్టు. డ్రాఫ్ట్ స్థానం ఒక్కటే పెట్టి ముందు ఒక మోడల్ చెయ్యి, నీ కాలేజీ అంకెలు దానికి పైన కొత్తగా ఏం చెబుతున్నాయో అదే నీ పని విలువ, ఏమీ చెప్పకపోతే ఆ మాటే ధైర్యంగా రాయి. పాత ఏళ్ల మీద నేర్పి తర్వాతి ఏళ్ల మీద పరీక్షించు, అన్నీ కలిపి చీట్లు తీసినట్టు విడగొట్టకు. మొదటి రౌండ్ క్వార్టర్‌బ్యాక్‌లు ఇరవై ఏళ్లకి కలిపినా వంద మంది ఉండరు, అంత చిన్న డేటాకి పెద్ద న్యూరల్ నెట్‌వర్క్ తగిలిస్తే చూసేవాళ్లకి నవ్వొస్తుంది.

ఇక ఉద్యోగం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో టీమ్‌లు 32, ఒక్కోచోట అనలిటిక్స్ మనుషులు కొద్దిమందే, జీతం టెక్ కంపెనీలతో పోలిస్తే తక్కువే ఉంటుంది. లోపలికి దారి మాత్రం ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్ ఏటా బిగ్ డేటా బౌల్ అని పోటీ పెడుతుంది, ఆటగాళ్ల కదలికల డేటా ఇస్తుంది, అక్కడి నుంచి టీమ్‌లలోకి వెళ్లినవాళ్లున్నారు. ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని ఎన్‌ఎఫ్‌ఎల్‌వర్స్ (nflverse) ప్యాకేజీలతో ఉచిత డేటా మీద పనిచెయ్యి. లెవిన్ కూడా ఫుట్‌బాల్‌లో ఉండిపోలేదు, బాస్కెట్‌బాల్ వైపు వెళ్లి బోస్టన్ సెల్టిక్స్‌లో పనిచేశాడు.

వీసా సంగతి మీ నాన్నగారు అడగకపోయినా నేను అడుగుతాను. చదువు అయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు, నీ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కింద ఉంటే ఇంకో 24, కానీ ఆ 24 నెలలకి యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగికి పనిచేసే అనుమతి ఉందో లేదో చూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉండాలి. మొదటి ఓపీటీలో ఖాళీగా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. టీమ్‌ల దగ్గర సీజన్ వరకే ఉండే పనులు కూడా ఉంటాయి, ఈ-వెరిఫైలో ఉన్నారా, పని ఎన్నాళ్లు అన్న రెండు విషయాలూ మొదటి ఫోన్ కాల్‌లోనే అడిగెయ్, మొహమాటపడకు.

మీ నాన్నగారి మాటలో జావా తప్పు, భయం కరెక్ట్. ఎస్‌క్యూఎల్, పైథాన్ గట్టిగా ఉంచుకుని బ్యాంకుల క్రెడిట్ రిస్క్ ఉద్యోగాలకి కూడా అప్లై చెయ్, మీ డల్లాస్ పక్కనే ప్లేనోలో క్యాపిటల్ వన్, జేపీ మోర్గన్ చేజ్ పెద్ద క్యాంపస్‌లు ఉన్నాయి. లోన్ ఇచ్చినవాళ్లు కట్టారో లేదో బ్యాంకుకి తెలుస్తుంది, ఇవ్వనివాళ్లు కట్టేవాళ్లో కాదో తెలియదు. ఇది నీ క్వార్టర్‌బ్యాక్‌ల చిక్కే, బెంచీ మీద మిగిలినవాళ్ల చిక్కే. ఆ ఇంటర్వ్యూలో ఫుట్‌బాల్ ప్రాజెక్ట్ చూపించి ఈ ముక్క నువ్వే ముందుగా ఎత్తు. రెజ్యూమెలో "80 శాతం అక్యురసీ" అన్న లైన్ ఈ రాత్రికే తీసెయ్, దాని స్థానంలో డ్రాఫ్ట్ స్థానంతో పోల్చి ఎంత మెరుగైందో ఆ అంకె వచ్చాక పెట్టుకో.