పైమట్టి మాట నమ్మకండి

ప్రశ్న: మేం కొనాలనుకుంటున్న స్థలంలో ఒకప్పుడు పెట్రోల్ బంకు ఉండేది. మూసేసి పన్నెండేళ్లయింది. ట్యాంకులు తీసేశామని అమ్మేవాళ్లు అంటున్నారు కానీ కాగితం ఒక్కటీ చూపించలేదు. మావారు ఐదు చోట్ల అడుగు లోతున మట్టి తీసి, అంతా కలిపి, ప్లాస్టిక్ కవర్లో కట్టి ల్యాబ్‌కి ఇచ్చారు. ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. ఆయన నిశ్చింతగా ఉన్నారు, నాకే టెన్షన్‌గా ఉంది. నాది అనవసర భయమా?

జవాబు: కాదమ్మా. మీ భయమే నిజం, ఆ రిపోర్టే అనవసరం. ల్యాబ్‌వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఇచ్చిన మట్టిలో ఏముందో చెప్పారు. ఆ మట్టిలో ఏమీ మిగలకుండా చేసింది మనం.

మీవారిని ఏమీ అనకండి. ఇదే పని నేనూ చేశాను. అంతకుముందు పొలం మట్టి పరీక్షలు చేసేవాణ్ణి. పది చోట్ల మట్టి తియ్యి, గోనె మీద పొయ్యి, బాగా కలుపు, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి ఉంచుకో. నత్రజనికీ భాస్వరానికీ అది దివ్యంగా పనిచేస్తుంది. మొదటిసారి పాత బంకు స్థలానికి పంపితే అక్కడా మిట్టమధ్యాహ్నం ఎండలో అలాగే కలిపాను. రిపోర్టు శుభ్రంగా వచ్చింది. కొన్నాళ్లకు అక్కడే పునాది తవ్వుతుంటే నిలువెత్తు లోతున బూడిదరంగు మట్టి, గుప్పున పెట్రోలు వాసన! పెట్రోల్లో ఉండే బెంజీను, టోలీను లాంటివి కలిపే కొద్దీ గాల్లోకి పోతాయి. నేను చేసింది పరీక్ష కాదు, మట్టిని ఆరబెట్టడం.

రెండో సంగతి లోతు. బంకు ట్యాంకు అడుగు సాధారణంగా మూడు నాలుగు మీటర్ల లోతున ఉంటుంది. కారితే అక్కడి నుంచి కిందికే పోతుంది కానీ మీ అడుగు లోతు గుంటలోకి ఎందుకొస్తుంది? దిగి దిగి భూగర్భజలం దాకా వెళ్తుంది. పెట్రోలు నీటికన్నా తేలిక, కాబట్టి ఎక్కువ భాగం నీటిమీద తేలుతుంది. వానలకు నీటిమట్టం పెరిగి, ఎండలకు తగ్గినప్పుడల్లా అదీ పైకీ కిందికీ కదులుతూ ఆ మేర మట్టికి పూసుకుపోతుంది. నేనైతే ముందు ఆ పట్టీలోనే వెతుకుతాను. ఇంకా ట్యాంకు రెండు చివర్ల కింద, పైపుల అతుకుల దగ్గర, పంపులు నిలబెట్టిన చోట, ట్యాంకర్ గొట్టం తగిలించే మూతి దగ్గర చూడాలి. ఐదు చోట్లంటే ఈ ఐదు చోట్లు. స్థలానికి నాలుగు మూలలూ నడుమా కాదు.

బోరు వేస్తూ ప్రతి అర మీటరుకూ కొంచెం మట్టి జిప్ కవర్లో వేసి, కాసేపు ఆగి, లోపలి గాలిని పీఐడీ అనే, ఆవిర్లను పసిగట్టే చేతి మీటరుతో చూస్తారు. ఆ అంకె రిపోర్టు కాదు, ఏ లోతు మట్టిని ల్యాబ్‌కి పంపాలో చెప్పే సైగ మాత్రమే. డీజిల్ అంతగా ఆవిరి కాదు కాబట్టి మీటరు మూగగా ఉన్నా నమ్మడానికి లేదు. పంపే మట్టిని కలపకుండా, సిరంజి లాంటి గొట్టంతో ఐదు గ్రాముల దాకా తీసి, మిథనాల్ అనే ద్రావకం పోసిన చిన్న గాజు సీసాలోకి వెంటనే దించాలి. ఐసు పెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉంచి, 14 రోజుల్లోపు పరీక్ష చేయించాలి. మట్టి వెయ్యని సీసా ఒకటి కూడా వెంట వెళ్లి రావాలి. అందులోనూ బెంజీను కనిపిస్తే అది దారిలో అంటుకున్నదన్నమాట.

ల్యాబ్‌ని ‘పెట్రోలు ఉందా’ అని అడగొద్దు. బెంజీను, టోలీను, ఇథైల్ బెంజీను, జైలీన్లు విడివిడిగా. మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు, అంటే ఇంధనంలోని నూనె పదార్థాలన్నీ కలిపి, పెట్రోలు శ్రేణి, డీజిల్ శ్రేణి వేరుగా. డీజిల్ అమ్మిన చోటైతే నాఫ్తలీను, బంకు మరీ పాతదైతే సీసం కూడా అడగండి. ‘లేదు’ అని రాస్తే ఎంతకన్నా తక్కువ ఉంటే లేదంటున్నారో ఆ అంకె తప్పకుండా అడగండి. (కుళ్లిన ఆకులున్న మట్టి కూడా ఒక్కోసారి డీజిల్ శ్రేణిలో అంకె చూపిస్తుంది. కంగారు పడకుండా సిలికా జెల్‌తో శుభ్రం చేసి మళ్లీ కొలవమనండి.)

ట్యాంకు తీసిన కాగితం చూడందే అడ్వాన్సు ఇవ్వకండి. ట్యాంకు ఇంకా లోపలే ఉంటే మీవారు గడ్డపార పట్టుకోకూడదు. నిండు ట్యాంకుకన్నా ఆవిరి మిగిలిన ఖాళీ ట్యాంకే ప్రమాదం. ఒక్క నిప్పురవ్వ చాలు.

ప్రశ్న: మట్టికి వాసన లేకపోతే చాలదా? (మరో పాఠకుడు)

జవాబు: చాలదు. ముక్కుకు తెలియనంత తక్కువ బెంజీను కూడా తాగే నీళ్లలో ఉండకూడదు. పైగా అది క్యాన్సర్ కారకమని రుజువైన పదార్థం. మట్టిని ముక్కు దగ్గర పెట్టుకునే అలవాటు నాకూ ఉండేది, మానుకున్నాను. మీరూ మానుకోండి.