రె: బాస్ చేప ఎర లాగుతోంది, గాలానికి పడట్లేదు
7 అంగుళాల ప్లాస్టిక్ వార్మ్‌ను (వానపాము ఆకారపు మెత్తటి ఎర) టెక్సాస్ రిగ్‌లో (ముందు చిన్న బరువు, గాలం మొన ఎరలో దాగి ఉండే అమరిక) వేస్తే బాస్ లాగుతోంది, రాడ్ ఎత్తేసరికి ఖాళీ అన్నారు. గాలం సైజు చెప్పలేదు కానీ నా అనుమానం ముందు దానిమీదే. ఆ వార్మ్‌కి 1/0 సైజు చిన్నది (ముందు అంకె పెరిగేకొద్దీ గాలం పెద్దది). 3/0 లేదా 4/0 ఆఫ్‌సెట్ గాలం (లైన్ కట్టే కన్ను దగ్గర కాడ మెలిక తిరిగి ఉండేది) వాడండి. వార్మ్ లావుగా ఉంటే వంపు వెడల్పుగా ఉన్నది కావాలి, లేకపోతే ప్లాస్టిక్ ముద్దకట్టి మొనకు అడ్డం పడుతుంది. మొనను అవతలివైపుకు పూర్తిగా గుచ్చి తీసి, పైపొరలో కాస్తంత దాచండి. గోరు మీద ఆనిస్తే జారిపోయే మొన మొద్దుబారినట్టే.

లాగుడు తెలియగానే రాడ్ కొన దించి, లైన్‌లో వదులంతా చుట్టేసి, అప్పుడే రాడ్‌ను గట్టిగా పైకి కొట్టండి. వదులు లైన్ మీద కొడితే బలం మొన దాకా చేరదు; మోనో (ఒంటిపోగు నైలాన్) లైన్ అయితే సాగుడు కూడా తోడవుతుంది. 15 పౌండ్ల బరువు తట్టుకునే ఫ్లోరోకార్బన్ లైన్, మీడియం హెవీ (కాస్త గట్టిగా ఉండే) రాడ్ చాలు. వదులు చుట్టాలని మరీ ఆలస్యం చేస్తే చేప గాలం మింగేస్తుంది.

తోక మాత్రమే తెగి వస్తుంటే అది బాస్ కాకపోవచ్చు, బ్లూగిల్స్ అనే చిన్న చేపలు కొరుకుతుండొచ్చు.